ఒదాలిస్ ఓటు

కబైగ్వాన్, క్యూబా
4 మార్చి 2013

మైలిన్,

కొత్త సంవత్సరానికి నాలుగు వాక్యాలు రాసి పడేశావు. ఆ తర్వాత అజాపజా లేదు. మొంతెవిదేయోలో కాగితాల కరువొచ్చిందా, లేక పుస్తకాల షాపులో పనిచేసేవాళ్ళు చదవడమే తప్ప రాయడం మర్చిపోతారా? ఈ ఉత్తరం కళ్ళ డాక్టరు హోర్హె చేతికిస్తున్నాను. సెలవు అయిపోయి మళ్ళీ మీ ఊరి ఆసుపత్రికి వస్తున్నాడు. జవాబు కూడా అతనికో, సెలవుకి ఇటు వచ్చే అతని తోటి డాక్టర్లకో ఇవ్వు. పోస్టును నమ్ముకుంటే నేను రిటైరయ్యాక అందుతుంది.

అసలు విషయానికి వస్తాను. చుట్టల ఫ్యాక్టరీలో మొన్ననే ఒక నవల చదివి వినిపించడం పూర్తి చేశాను. రాజులు, గుర్రాలు, ఆరువందల పేజీల కత్తియుద్ధాలు. నా గొంతు సగం పోయింది. ఇప్పుడు కొత్త నవలకి ఓటింగు పెట్టాలి. నూట ఇరవై మంది చుట్టలు చుడుతూ వింటారు, నూట ఇరవై రకాల అభిరుచులు. ఇరవై ఎనిమిదేళ్ళుగా వీళ్ళకి పొద్దున పేపరు, మధ్యాహ్నం గంటన్నర నవల చదివి వినిపిస్తున్నాను గాని, అందరినీ ఒకేసారి మెప్పించిన రోజు ఒక్కటీ లేదు.

ఈసారి నా ఆలోచన వేరు. నువ్వు వెళ్ళి నాలుగేళ్ళయింది. మీ అమ్మ నీ గురించి ఒక్క మాట మాట్లాడదు. ఇంట్లో నీ పేరెత్తితే చాలు, లేచి వెళ్ళి గిన్నెలు తోముతుంది. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతుంది. ఒదాలిస్ నాకు అక్క, గట్టిగా అడిగే ధైర్యం నాకు లేదు. కాని ఫ్యాక్టరీలో ఎక్కడికి పోతుంది? మూడో వరుసలో ఆమె బల్ల, ఎదురుగా నా మైకు. చేతుల నిండా పొగాకు. గంటన్నర సేపు చచ్చినట్టు వినాల్సిందే.

కాబట్టి నాకు మీలాంటి వాళ్ళున్న నవలలు కావాలి. ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు, మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు, ఇంకేమైనా రకాలుంటే వాళ్ళూ. అన్నీ ఒకే తరహావి పంపకు. పఠన సంఘం పెద్ద ఎవేలియో నేరపరిశోధన తప్ప వినడు. నివాల్దోకి సముద్రం కావాలి. మిగ్దాలియాకి ఏడుపు కావాలి. ఒక్కో తరహాకి ఒక్కోటి చూసి పంపు, పక్కన రెండు ముక్కలు రాయి. ముగింపు మాత్రం చెప్పకు! నేను ముందు పేజీలు తిప్పి చూడనని నీకు తెలుసు. ముగింపు తెలిస్తే నా గొంతు దాచుకోలేదు, మూడో అధ్యాయంలోనే అందరూ పట్టేస్తారు.

మీ అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే నన్ను వెళ్ళమంటుంది.

నీ కోసం గొంతు అరగదీసుకుంటున్న
ఎనెయిదా పిన్ని

*

మొంతెవిదేయో
19 ఏప్రిల్ 2013

పిన్నీ,

ముందు ఒకటి చెప్పు. అమ్మ రోగి, నవల దగ్గుమందు, నేను మందుల షాపా? పొద్దున ఒక స్పూను, మధ్యాహ్నం గంటన్నర, నెల తిరిగేసరికి కూతురు మీద ప్రేమ పుట్టుకొస్తుందా? ఇంకోటి. “మీలాంటి వాళ్ళు” ఏమిటి? “ఇంకేమైనా రకాలుంటే” ఏమిటి? మేము మామిడిపళ్ళమా? ఇక్కడ మా షాపులో వాటికి ప్రత్యేకంగా ఒక అర ఉంది, “క్వీర్ నవలలు” అని నేనే చేత్తో రాసి అంటించాను. వచ్చినవాళ్ళు సగం మంది అది ఏదో రచయిత ఇంటిపేరు అనుకుంటారు, అది వేరే తలనొప్పి.

పంపనని రాద్దామని కూర్చున్నాను. కాని నవలలు చెప్పమంటే నా నోరు ఆగదు, అది నీకు తెలిసే అడిగావు. ఐదు పంపుతున్నాను, సెలవుకి బయలుదేరిన హోర్హె తోటి డాక్టరు సూట్‌కేసులో సగం నా పుస్తకాలే.

ఎవేలియో కోసం నేరపరిశోధన. ఓడరేవు పట్టణంలో ఒక ఇన్‌స్పెక్టరమ్మ, పేరు లియొకాదియా. మందుల షాపు నడిపే ఆవిడతో కలిసి ఉంటుంది. హంతకుడు ఎవరో నాకు కూడా చివరిదాకా తెలియలేదు, అంటే ఆలోచించుకో. నివాల్దోకి సముద్రం ఉంది. సీల్ జంతువులను వేటాడే ఓడలో వంటవాడు, ఈటె విసిరేవాడు. మంచు, ఉప్పు చేపలు, తుఫాను, మధ్యలో ఆ ఇద్దరి ప్రేమ. మిగ్దాలియాకి ఇద్దరు కుట్టుపనివాళ్ళ ప్రేమకథ. ఒకే వీధిలో ఎదురెదురు దుకాణాలు, పదేళ్ళ పోటీ, ఒక్క పెళ్ళి గౌను దగ్గర అంతా తారుమారు. దెయ్యం కథ కూడా ఒకటి పెట్టాను, హాస్టలు బడిలో జరుగుతుంది, అందులో దెయ్యమే అందరికన్నా మర్యాదస్తురాలు. ఐదోది చంద్రుడి మీద. అక్కడ తోటమాలి ఆడా కాదు, మగా కాదు, ఎవరూ దాని గురించి అడగరు కూడా. నాకు అన్నిటికన్నా ఇష్టం అదే. మీవాళ్ళు ఒప్పుకోరు, అయినా అడిగి చూడు.

ఐదూ మంచి నవలలు. చెత్త నేను ఎవరికీ చెప్పను. ముగింపులు చెప్పమన్నా చెప్పను.

ఇంకో కబురు. ఇక్కడ పోయిన వారం పార్లమెంటులో చట్టం చేశారు. ఆగస్టు నుంచి మేము పెళ్ళి చేసుకోవచ్చు. నేను, రోసీనా నవంబర్ 22న చేసుకుందామనుకుంటున్నాం. అమ్మకి చెప్పకు. చెప్పాలంటే నేనే చెప్పాలి, నాకింకా నోరు రావడం లేదు. ఆ రోజు వంటింట్లో నేను చెప్పగానే ఆమె ఏమందో నీకు తెలుసు కదా. “అలాంటివాళ్ళ కథలు ఎలా ముగుస్తాయో నాకు తెలుసు” అంది. అంతే అంది. అరిచినా బాగుండేది. కన్నతల్లి పెట్టిన శాపం మింగుకుని నాలుగేళ్ళుగా తిరుగుతున్నాను. పెళ్ళికి ముందు ఆమె నుంచి ఒక్క మంచి మాట వస్తే చాలు. రాదని తెలుసు. అయినా నీ దగ్గర దాచడమెందుకు, కావాలి.

ఇక్కడ కాలాలు మీకు తిరగేసి వస్తాయి, ఏప్రిల్‌లోనే చలి మొదలైంది. కాలికి రెండు జతల మేజోళ్ళు వేసుకుని రాస్తున్నాను.

మైలిన్

*

కబైగ్వాన్
2 జూన్ 2013

మైలిన్,

నీ పుస్తకాలు వచ్చాయి. చంద్రుడి మీద తోటమాలి గురించి ఓటింగులో చెప్పానో లేదో, ఎవేలియో లేచి “అక్కడ పొగాకు పండుతుందా?” అని అడిగాడు. పుస్తకంలో ఎక్కడా లేదన్నాను. “అయితే వాళ్ళు అక్కడికి ఎందుకు పోయినట్టు?” అన్నాడు. పదకొండు ఓట్లు వచ్చాయి, అవి కూడా నామీద జాలితో వేశారు.

నీ ఇన్‌స్పెక్టరమ్మ డెబ్బై ఒక్క ఓట్లతో గెలిచింది. ఇందులో ఒక ఓటు ఎవరిదో చెబితే నమ్మవు. మీ అమ్మది. ఆడవాళ్ళిద్దరూ కలిసి ఉంటారని నేను స్పష్టంగానే చెప్పాను. ఆమె ఆకు చూసుకుంటూ వినలేదేమో, పక్కవాళ్ళను చూసి చెయ్యెత్తిందేమో అనుకున్నాను.

చదవడం మొదలుపెట్టాక ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా ఆ లియొకాదియాకి దాసోహం. క్యాంటీను దగ్గర పందేలు, ఫలానావాడే హంతకుడని. రెండు మూడు చోట్ల ఆడవాళ్ళిద్దరూ మరీ దగ్గరగా వచ్చినప్పుడు నేను పేజీలు కాస్త వేగంగా తిప్పేశాను. మైకులో కదా, మొదటి వరుసలో గిల్యెర్మినా ఉంటుంది, ఆవిడకి ఎనభై నిండాయి. ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత పంతొమ్మిదో అధ్యాయం వచ్చింది. నువ్వైనా ఒక ముక్క హెచ్చరించకూడదా? ఆ హంతకుడు మందుల షాపు ఆవిడనే చంపేశాడు! నేను చదువుతూ చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. అప్పుడు మూడో వరుసలో ఠంగుమని చప్పుడు. మీ అమ్మ ఆకు కోసే కత్తి నేలకేసి కొట్టింది.

నచ్చితే బల్ల మీద కత్తితో టకటకలాడిస్తారు, నచ్చకపోతే కత్తి నేల మీద పడేస్తారు. అందరూ చేసేదే. కాని మీ అమ్మ నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా పడేయలేదు. ఎంత చెత్త చదివినా పడేయలేదు. మిగ్దాలియా కత్తి తీసి చేతికిస్తే పుచ్చుకోకుండా అలాగే కూర్చుంది. నా వైపు చూసిన చూపుకి నాకింకా ఒళ్ళంతా మండుతోంది. ఆ ఇద్దరి సంగతి ఆమెకి అప్పటికి గాని తలకెక్కలేదేమో. మందు గట్టిగానే పట్టినట్టుంది, అని నేననుకుంటున్నాను. రెండోది మొదలుపెడతాను.

పెళ్ళి సంగతి ఎవరికీ చెప్పలేదు. మిగ్దాలియాకి ఒక్కదానికే చెప్పాను. దాని నోట్లో నువ్వుగింజ నానదని అందరూ అంటారు గాని నాతో అలా ఉండదు.

చాలా సంతోషంగా ఉంది తల్లీ. రోసీనా అనే ఆ పిల్ల ఫొటో ఒకటి పంపు.

ఎనెయిదా పిన్ని

*

మొంతెవిదేయో
11 జూలై 2013

పిన్నీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడుసార్లూ ఒళ్ళు మండింది.

మిగ్దాలియాకి చెప్పావా? నేను అమ్మకి చెప్పకు అన్నాను. నువ్వు ఆ ఊళ్ళో అందరికన్నా పెద్ద మైకుకి చెప్పావు!

అది అలా ఉంచు. ముద్దులున్న పేజీలు తిప్పేశావా? ఎవరు తిప్పమన్నారు నిన్ను? అంతకు ముందు ఆరువందల పేజీల్లో పేగులు బయటపడేలా పొడుచుకుంటే అక్షరం వదలకుండా చదివావు, అప్పుడు గిల్యెర్మినాకి ఎనభై ఏళ్ళు లేవా? ముద్దులు మింగేసి చావులు మాత్రం చదివితే ఇక ఆ పుస్తకంలో ఏం మిగులుతుంది? అది నవల కాదు, సంతాప సభ.

అమ్మ కత్తి పడేయడం నాకేం ఆశ్చర్యం కాదు. ఇద్దరు ఆడవాళ్ళు ఒక ఇంట్లో ఉంటే చూడలేక పడేసింది. నువ్వేమో మందు పట్టింది అంటావు. నలభై ఏళ్ళలో పడేయని కత్తి మాకోసమే పడేసిందన్నమాట. గొప్ప గౌరవం.

దయచేసి ఆపెయ్యి. మిగిలినవి ఎవరికైనా ఇచ్చెయ్యి. లేదు చదువుతానంటావా, ప్రతి అక్షరం చదువు. ముద్దులతో సహా.

రోసీనాకి మూడు వారాలుగా దగ్గు. ఈ ఇంట్లో హీటరు ఒకటే, అది నా కాళ్ళ వైపు తిప్పితే తను దగ్గుతుంది, తన వైపు తిప్పితే నేను గొణుగుతాను. లెక్కల టీచరు కదా, ఇరవై నిమిషాలు నీకు, ఇరవై నిమిషాలు నాకు అని గోడ మీద పట్టిక అంటించింది. పట్టిక అంటించడానికి హీటరు దగ్గర నిలబడ్డ సమయం ఎవరి ఖాతాలోదని నిన్న రాత్రంతా గొడవ.

ఫొటో పంపుతున్నాను. కళ్ళు మూసుకుంది, ఎప్పుడూ అంతే.

మైలిన్

*

కబైగ్వాన్
25 ఆగస్టు 2013

మైలిన్,

ఆపెయ్యి అంటే ఆపడానికి ఇది మా ఇంటి రేడియో కాదు. ఓటింగులో గెలిచిన పుస్తకం చదివి తీరాలి. నువ్వూ నేనూ ఎవరం చెప్పడానికి? నివాల్దో ఇంటింటికీ తిరిగి ప్రచారం చేశాడు, సముద్రం అరవై ఎనిమిది ఓట్లతో గెలిచింది. మీ అమ్మ ఈసారి వ్యతిరేకంగా చెయ్యెత్తింది. మోచెయ్యి బల్లకి ఆనించి సగం సగం ఎత్తడం కాదు, చంక కనిపించేలా ఎత్తింది.

నువ్వు అరిచినట్టే అక్షరం వదలకుండా చదివాను. ఓడలో ఆ మొదటి ముద్దు దగ్గరికొచ్చేసరికి నా చెవులు కాలిపోయాయి. అప్పుడు ఎవరో ఒక్కరు కత్తి టకటకలాడించారు. తర్వాత ఇంకొకరు. తర్వాత హాలు హాలంతా! ఎవరు మొదలుపెట్టారో తెలుసా? గిల్యెర్మినా! తర్వాత నా దగ్గరికొచ్చి, “ఆ ఇన్‌స్పెక్టరమ్మ కథలో కూడా ఇలాంటివి ఉండే ఉంటాయే, నువ్వే నొక్కేశావు కదూ, దొంగమొహమా?” అంది. ఒప్పుకున్నాను. తిట్టింది.

ఒక నెల బాగా నడిచింది. ఆ తర్వాత నీ తుఫాను వచ్చింది. వంటవాడు మునిగిపోయాడు. అసలు నీకేమైంది, ఇలాంటివి ఏరి ఏరి పంపుతావు? నివాల్దో బాహాటంగా ఏడ్చాడు. మీ అమ్మ సగం చుట్టిన చుట్ట బల్ల మీద వదిలేసి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. చదువుతుండగా లేచి వెళ్ళడం మా ఫ్యాక్టరీలో ఎవరూ చేయరు, అది నా ముఖం మీద తలుపు వేసినట్టే. తర్వాత ఓటింగులో కుట్టుపనివాళ్ళ కథ పేరెత్తగానే అందరికన్నా ముందు లేచి నిలబడి వ్యతిరేకించింది. “ఇక చాలు, ఇలాంటివి నాకొద్దు” అంది. అందరూ విన్నారు.

ఇంకో సంగతి, తిట్టకు. పెళ్ళి సంగతి బయటికి పొక్కింది. మిగ్దాలియా ఎవరికీ చెప్పలేదట, వాళ్ళ చెల్లెలితో ఊరికే అందట. ఇప్పుడు నాలుగో వరుస మొత్తం కేకు ఏం చేయిస్తున్నారని నన్ను అడుగుతోంది. మీ అమ్మ నా దగ్గరికొచ్చి, “ఎప్పుడట?” అని ఒక్క ముక్క అడిగింది. నవంబర్ అన్నాను. వెళ్ళిపోయింది. శుభం అనలేదు, పిల్ల ఎలా ఉందనలేదు.

నేను ఓడిపోయాను మైలిన్. మా అక్క బండరాయి. ఆమె మాట కోసం కాచుకోకు. నువ్వు పెళ్ళి చేసుకో, హాయిగా ఉండు. ఫొటోలో ఆ పిల్ల కళ్ళు మూసుకున్నా నవ్వు బాగుంది.

ఎనెయిదా పిన్ని

*

మొంతెవిదేయో
14 సెప్టెంబర్ 2013

పిన్నీ,

సరే. అర్థమైంది. నూట ఇరవై మంది ముందు నిలబడి “ఇలాంటివి నాకొద్దు” అందన్నమాట. నాలుగేళ్ళ క్రితం వంటింట్లో నా ఒక్కదానికే చెప్పింది, ఇప్పుడు సభలో తీర్మానం చేసింది.

నాకింక నవలలు వద్దు, ఓట్లు వద్దు, కత్తులు వద్దు. ఆమె గురించి నాకు రాయకు. మోకాలి గురించి కూడా. ఎవరైనా నన్ను అడిగితే బాగానే ఉందని చెప్పు.

పుస్తకాలు ఎవేలియోకి ఇచ్చెయ్యి.

మైలిన్

*

కబైగ్వాన్
6 అక్టోబర్ 2013

తల్లీ,

రాయకు అన్నావు. రాస్తున్నాను. చించేసే ముందు చివరిదాకా చదువు, ఈ ఒక్కసారికి.

నీ ఉత్తరం చదివాక నాకు తిక్క రేగింది. నా జన్మలో మొదటిసారి అక్క మీద అరవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో బియ్యం పళ్ళెంలో పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

“నీకు గుండె ఉందా అసలు? కన్నకూతురు పెళ్ళి చేసుకుంటుంటే రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్నావు!” అన్నాను.

“ఏరకపోతే రేపు నువ్వే వచ్చి తిని పన్ను విరగ్గొట్టుకుంటావు.”

“దానిమీద అంత అసహ్యం ఉంటే నోటితో చెప్పొచ్చుగా అక్కా! కత్తులు విసరడం, లేచిపోవడం, అందరి ముందూ ఆ మాటలేంటి?”

పళ్ళెం పక్కన పెట్టింది. “అసహ్యమా? ఎవరికే అసహ్యం? కూర్చో ఇక్కడ. ఇరవై ఎనిమిదేళ్ళుగా నువ్వు చెబుతుంటే నేను వింటున్నా. ఒక్కసారి నేను చెబుతా, నువ్వు విను” అంది.

నేను కూర్చున్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నా మాట ఒక్కటి కలపలేదు.

“నువ్వు ఆ చదివే పీట ఎక్కిన కొత్తలో ఇద్దరు నర్సుల కథ చదివావు, గుర్తుందా? ఒకతి ఉరేసుకుంది. తర్వాత ఆ చేపలమ్మే ఆవిడ, తమ్ముళ్ళే కొట్టి చంపారు. ఆ సైనికుడు తుపాకీతో కాల్చుకున్నాడు. ఆ జమీందారు కూతుర్ని పిచ్చాసుపత్రిలో పెట్టారు, అక్కడే పోయింది. ఇలాంటివాళ్ళు నీ కథల్లో మొత్తం ఏడుగురు వచ్చారు. ఏడుగురూ పోయారే. ఒక్కరు మిగల్లేదు. నా బిడ్డ వచ్చి అమ్మా నేను ఇలాంటిదాన్ని అంటే నాకేం గుర్తొస్తుంది? నాకు తెలిసినవాళ్ళు ఆ ఏడుగురే కదా! ఎలా ముగుస్తాయో నాకు తెలుసు అన్నా. భయమేసి అన్నా. అది ఇంకోలా అనుకుని సంచి సర్దుకుంది.”

“మరి దాని పేరెత్తితే లేచి గిన్నెల దగ్గరికి పోతావెందుకు?” అన్నాను.

“నువ్వు నోరు తెరిస్తే అది పోయిందన్న కబురే చెబుతావేమోనని.”

ఆమే మళ్ళీ అందుకుంది.

“ఆ ఇన్‌స్పెక్టరమ్మ కథకి నేను చెయ్యెత్తానా లేదా? ఆడవాళ్ళిద్దరూ కలిసి ఉంటారు అన్నావు, వెంటనే ఎత్తా. పొద్దున్నే ఆ లియొకాదియాకి మందుల షాపావిడ కాఫీ పెట్టిచ్చేది. చొక్కాకి గుండీలు కుట్టేది. ఇంటికొచ్చి అదే తలుచుకునేదాన్ని. మైలిన్‌కి కూడా ఎవరో ఒకరు కాఫీ ఇస్తుంటారు, చలికి దుప్పటి కప్పుతుంటారు అని. నాలుగేళ్ళయిందే అది నాకు ఉత్తరం రాసి. నువ్వు చదివే ఆ కథలే నాకు దాని కబుర్లు. నెల రోజులు కడుపు నిండా అన్నం తిన్నాను. ఆ తర్వాత దాన్ని నువ్వు చంపేశావు. నీ గొంతుతో, మైకులో, అందరి ముందూ చంపేశావు. సరే అనుకుంటే మళ్ళీ ఓడలో ముంచేశావు. ఇంకెన్నిసార్లు చంపుతావే నా బిడ్డని?”

మైలిన్, ఇందులో తప్పంతా నాదే. ముందు పేజీలు తిప్పి చూడను, అది నా వృత్తి ధర్మం అని ఇన్నాళ్ళూ పొగరు. వెనక్కి తిరిగి కూడా ఎప్పుడూ చూసుకోలేదు. ఏడుగురిని చంపినట్టు నాకు గుర్తే లేదు. వింటున్న మనిషి లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆపి, “ఆ పిల్లకి దగ్గు తగ్గిందా?” అని అడిగింది. నేను నీ ఉత్తరాలు మా వంటింట్లో డబ్బా వెనక పెడతాను. ఈమధ్య వచ్చినప్పుడెప్పుడో నాకు తెలియకుండా తీసి చదివినట్టుంది. రాయకు అన్న ఆ చివరిది కూడా చదివే ఉంటుంది.

ఇంక ఏ నవలా పంపకు. ఆమెకి నువ్వే రాయి.

సిగ్గుతో
ఎనెయిదా పిన్ని

*

మొంతెవిదేయో
5 నవంబర్ 2013

అమ్మా,

నేను బతికే ఉన్నాను.

ఇది మొదటి వాక్యంగా రాయాలని నాకు ఇన్నాళ్ళూ తోచలేదు. నువ్వు శపించావనుకున్నాను. నాలుగేళ్ళు నీ మీద కోపంతో ఎక్కడెక్కడి నవలలూ చదివాను, అవే పిన్నికి పంపాను. మిగిలిన మూడింటి ముగింపులు కూడా నిన్న షాపు ప్రతుల్లో తిరగేశాను. దెయ్యం ఎలాగూ మొదటి పేజీలోనే పోయింది. కుట్టుపనివాళ్ళలో ఒకతి క్షయతో పోతుంది. చంద్రుడి మీద తోటమాలికి గాలి అయిపోతుంది. ఐదూ నేనే ఏరి, మంచి నవలలని పక్కన రాసి పంపాను. అవి మంచివే. కాని ఇన్నేళ్ళుగా పుస్తకాలు అమ్ముతున్నదాన్ని, నీకు కనిపించింది నాకు కనిపించలేదు. నామీద నాకే చిరాకుగా ఉంది.

కాబట్టి ఇక్కడ ఏం జరుగుతుందో నేనే రాస్తాను. ఏమీ జరగదు. పొద్దున ఏడింటికి రోసీనా లేస్తుంది, లేవగానే కిటికీలన్నీ తెరుస్తుంది, నేను మూస్తాను. కాఫీ తను పెట్టదమ్మా, క్షమించు, నేనే పెట్టాలి. తను మాతే ఆకు నీళ్ళు తాగుతుంది, గడ్డి రుచి. తడి తువ్వాలు మంచం మీదే పడేస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. నల్ల చిక్కుడు గింజలు నువ్వు వండినట్టు వండుదామని చూస్తాను, ప్రతిసారీ గింజలు వేరు, నీళ్ళు వేరు. తను మాత్రం బాగుందని రెండుసార్లు వడ్డించుకుంటుంది. దాంతో నాకు ఇంకా చిరాకు. దగ్గు తగ్గింది. నేను లావయ్యాను. నిరుటి గౌను పట్టడం లేదు, పెళ్ళికి కొత్తది కుట్టించాల్సి వచ్చింది.

ఆ రోజు సంచి సర్దుకునే ముందు నిన్ను ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడగలేదు. నువ్వు లేకుండా నాకు ఏ రోజూ బాగా లేదమ్మా.

ఇరవై రెండు శుక్రవారం. పదకొండింటికి సంతకాలు. తర్వాత తొమ్మిది మందిమి భోజనానికి వెళతాం, ఎక్కడికన్నది ఇంకా తేలలేదు, రోసీనా వాళ్ళ నాన్న మాంసం తనే కాల్చాలని పట్టుబడుతున్నాడు. ఆ తర్వాత శనివారం. శనివారం మేము బట్టలు ఉతుక్కుంటాం.

నీ
మైలిన్

పిన్నీ, ఇది అమ్మ చేతికివ్వు. మైకులో చదివావంటే చూడు.

*

కబైగ్వాన్
28 నవంబర్ 2013

మైలిన్,

నీ ఉత్తరం తనే చదివి వినిపిస్తానని మీ పిన్ని కూర్చుంది. వద్దన్నాను. దాని గొంతుతో వింటే ఇప్పుడో ఇంకాసేపటికో ఎవరో పోతారనిపిస్తుంది. కళ్ళజోడు పెట్టుకుని నేనే చదువుకున్నాను. చేతిరాత ఏమీ బాగుపడలేదు.

చిక్కుడు గింజలు రాత్రే నానబెట్టాలి. ఉప్పు ముందే వేస్తే ఉడికి చావవు, చివర్లో వెయ్యాలి. దించే ముందు ఒక గరిటెడు తీసి మెదిపి మళ్ళీ అందులోనే కలిపితే చిక్కబడుతుంది. ఇది నీకు వందసార్లు చెప్పాను. అప్పుడు పుస్తకంలో తల పెట్టుకుని ఊఁ కొట్టేదానివి. ఆ రోసీనా రెండుసార్లు వడ్డించుకుంటుందంటే మంచి పిల్ల అయ్యుండాలి. తువ్వాలు సంగతి నేను వచ్చి చెప్పలేను కాబట్టి నువ్వే చెప్పు, మెల్లగా చెప్పు. దగ్గు తగ్గిందని వదిలేయకు, ఛాతీకి నూనె రాయి. లావయ్యావన్నావు. ఆ మాట నాలుగుసార్లు చదివాను.

క్షమించమని రాయడం నాకు చేతకాదు. భయపడ్డాను. ఆ భయం తీసుకెళ్ళి నీ ముఖాన కొట్టాను. నువ్వు అడగలేదు అన్నావు, అడగాల్సింది నువ్వు కాదు. చెప్పాల్సింది నేను.

శుక్రవారం పదకొండింటికి నేను పని ఆపి కూర్చున్నాను. మిగ్దాలియా అందరికీ చెప్పేసింది కాబట్టి అందరూ ఆపారు. ఎవేలియో గడియారం చూసి తల ఊపాడు. మళ్ళీ పని మొదలుపెట్టాం.

ఇంకొక విషయం. శనివారం బట్టలు ఉతుక్కుంటాం అని అక్కడితో ఆపేశావు. నలభై ఏళ్ళుగా కథలు వింటున్నదాన్ని, అలా మధ్యలో వదిలేస్తే నాకు నిద్ర పడుతుందా? ఆదివారం ఏమైందో రాయి.

అమ్మ